ఐస్‌లాండ్ చేప, మన చెరువు రొయ్య

2025 ఆగస్టు చివరి వారం. రొయ్యలతో సహా మన సరుకులు చాలావాటి మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం, రష్యా చమురు కొంటున్నందుకు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలంలో ఓ చెరువు గట్టున రైతు విసురు వల వేసి, కిలో రొయ్యలు తూచి, ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. నలభై కౌంట్. సంబరపడాల్సిన సైజు. కొనేవాళ్లు మాత్రం ఫోన్ ఎత్తడం లేదు. "చమురు ఎవరో కొంటే నా రొయ్యకేంటండీ?" అన్నాడు.

పదేళ్ల కిందట ఐస్‌లాండ్ మత్స్యకారులకూ ఇదే కష్టం వచ్చింది. ఆ దేశ జనాభా నాలుగు లక్షల లోపే. యూరోపియన్ యూనియన్‌లో సభ్యత్వం లేదు. అయినా ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా ఆక్రమించాక ఈయూ రష్యా మీద పెట్టిన ఆంక్షలకు తనూ సరేనంది. 2015 ఆగస్టులో రష్యా వాళ్ల చేపలు కొనడం ఆపేసింది. ముఖ్యంగా దెబ్బ తిన్నది మాకరెల్, మన కానాగంతల కుటుంబానిదే.

తెలిసీ ఎందుకు ఒప్పుకుంది? 1994 నుంచి దాని వ్యాపారం యూరప్ ఉమ్మడి మార్కెట్‌తో ముడిపడి ఉంది. పైగా సొంత సైన్యం లేదు. పెద్ద దేశం పొరుగువాడి నేల లాక్కుంటే ఊరుకుంటే, రేపు తన గతేమిటన్న భయం చిన్న దేశానికి నిజమైన భయం. ఈయూలో చేరాలని చూస్తున్న మాంటెనెగ్రో, అల్బేనియాలది ఇంకో లెక్క. సభ్యత్వ చర్చల్లో 31వ అధ్యాయం విదేశాంగ విధానమే. అందుకే 27 దేశాలు తేల్చినదానికి అవీ గొంతు కలుపుతాయి. అదే వరసలో ఉన్న సెర్బియా మాత్రం రష్యాపై ఆంక్షలు పెట్టనంది. రష్యా గ్యాస్ కావాలి, తన నుంచి విడిపోయిన కొసోవో విషయంలో ఐరాసలో రష్యా వీటో కావాలి. 2014 జనవరిలో మొదలైన దాని చర్చలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

మన కాలవ శివారు రైతు కూడా ఎగువవాళ్లతో పేచీ పెట్టుకోడు. కానీ నీటి సంఘంలో అతనికి ఓటుంది. ఈయూ ఆంక్షలు తేల్చేచోట ఐస్‌లాండ్‌కు ఓటు లేదు. నాకు మింగుడుపడనిది అదే.

భారత్ ఏ కూటమి వెనకా నడవక్కర్లేదు, అంత పెద్ద దేశం. ఆ స్వతంత్రత నాకూ ఇష్టమే. అయితే దాని ఖర్చు చెరువు గట్టు మీదే పడకూడదు. ఢిల్లీ తీసుకున్న నిర్ణయానికి నష్టపరిహారం కూడా ఢిల్లీయే ఇవ్వాలి.

ఆ రైతు పట్టుబడి ఆపుకుని, ఇంకో పది రోజులు చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పాడు. కరెంటు ఖర్చూ మేత ఖర్చూ ఆయనే భరించాడు.