నీలం బరకం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీలం బరకం (టార్పాలిన్) గారికి, ఒడిశా కోరాపుట్ జిల్లా పొట్టంగి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ మా పెట్టల్లో మూడు గురక పెట్టాయి కాబట్టి ఆ మాట దాటేస్తున్నాను.

తమరిని సిమిలిగుడ సంతలో బేరమాడి తెచ్చిన రోజు మా ఆయన ముఖం చూడాలి! 1672 మీటర్ల దేవమాలి కొండ పక్కన కాపురం, పుష్యమాసం చలి. పగలంతా పెరట్లో తిరిగొచ్చే 14 నాటుకోళ్ల గూటికి తమరిని నాలుగు వైపులా బిగించి, అంచుల మీద రాళ్లు పెట్టి, "ఇక చీమ కూడా దూరదు" అన్నారు. దూరలేదు. గాలీ దూరలేదు.

తెల్లారి తలుపు తీస్తే ముందు కళ్లు మండాయి. తర్వాత ముక్కు. రాత్రంతా కోళ్లు వదిలిన ఊపిరి తమరి పొట్టకింద చుక్కలు కట్టి, టప్ టప్‌మని వాటి వీపుల మీదే రాలుతోంది. కింది ఊకని గుప్పెడు తీసి పిండితే ముద్దయింది. ఆ తడి రెట్టలోంచి లేచిన అమ్మోనియాకే నాకు కన్నీళ్లు, ఏడ్చాననుకున్నారు ఇంట్లో. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలండీ. ఈకలు పొంగించి, కాలివేళ్లు పొట్టకింద దాచుకుని కూర్చుంటే పొడి చలిని అదే కాచుకుంటుంది. ఆ ఈకల్నే తమరు తడిపారు.

కోళ్లని చంపే కొక్కెర తెగులేమోనని (రాణిఖేత్) టెన్షన్ పడ్డాం. టీకా వేయించామని గుర్తొచ్చి ఊపిరి పీల్చుకున్నాం. ఆ సౌకర్యం మాకుంది మరి.

మా అత్తగారు మాత్రం ఒక్కటే అడిగారు: "మన పాత వెదురు గూటికి పైన జానెడు సందు ఎందుకు వదిలేవాళ్లమనుకున్నావమ్మా?" కట్టినవాళ్ల బద్ధకం అనుకున్నాను. పైకి అనలేదు లెండి.

కాబట్టి తమరి హోదా తగ్గించాం. నేటి నుంచి గాలి కొట్టే ఉత్తరం వైపు మాత్రమే. కప్పు కింద జానెడు జోలికి రావద్దు. ఊక మార్చాం. సాయంత్రం గుప్పెడు మొక్కజొన్న అదనంగా వేస్తున్నాం, రాత్రి అరిగేటప్పుడు ఒళ్లు వెచ్చబడుతుందని. మా ఆయన ఇప్పుడు లోపల పెద్ద బల్బు పెడతానంటున్నారు. ఎండిన ఊక, పక్కనే తమరు, మధ్యలో బల్బు! ఆయనకి విడిగా ఉత్తరం రాస్తాను.

గురక పెట్టేవాటిని వేరే గంప కింద ఉంచాం. రెండు తేరుకున్నాయి. మూడోది ఇంకా తమరి మీద అలకలోనే ఉంది.

ఇట్లు,
కళ్లు మండిన ఇల్లాలు

తా.క. గుడ్లు తగ్గింది పగటి పొద్దు పొట్టిదైనందుకు. ఆ కేసులో తమరు నిర్దోషి.