నేల విడవని సాము

విమానయాన రంగం వెంటనే మారాలి. కుర్చీలోంచి లేవకుండా విమానం నడపడం నేర్చుకున్న మా వర్గం ఒకటి ఎప్పుడో తయారైంది. కంప్యూటర్ మీద విమానం నడిపే ఆట, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, మొదటి వెర్షన్ 1982లో వచ్చింది. అప్పుడు కీబోర్డు పట్టినవాళ్లలో కొందరికి ఈపాటికి మనవలు కూడా పుట్టి ఉంటారు. ఇంత కాలమైనా అసలు విమానాలు మాత్రం మా అలవాట్లకు తగ్గట్టు ఒక్క అంగుళం మారలేదు.

పాజ్ మీట సంగతే తీసుకోండి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం సెస్నా 172. 1955లో మొదటిసారి ఎగిరింది, ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. అన్నిసార్లు బిగించి విప్పినవాళ్లకు అందులో ఒక్క పాజ్ మీట పెట్టాలని తోచలేదు! రన్‌వే ఎదురుగా కనిపిస్తూ 500 అడుగుల ఎత్తులో ఉండగా ఎవరో తలుపు కొడతారు. మేం విమానాన్ని గాల్లో అలాగే నిలిపి వెళ్లి మాట్లాడి వస్తాం. వచ్చేసరికి అది బుద్ధిగా అక్కడే ఉంటుంది. అసలు విమానానికి ఈ పాటి క్రమశిక్షణ లేదు.

అంతకన్నా పెద్ద అన్యాయం స్టాల్. ముక్కు పైకెత్తితే విమానం పైకి పోతుందన్నది ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన విషయం. రెక్క దీనికి ఒప్పుకోదు. ఎదురొచ్చే గాలికీ రెక్కకూ మధ్య కోణం పెరిగేకొద్దీ లిఫ్ట్ (విమానాన్ని పైకి మోసే బలం) పెరుగుతుంది, కాదనం. కానీ సుమారు 15 డిగ్రీలు దాటేసరికి గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారడం మానేస్తుంది. లిఫ్ట్ పడిపోతుంది, ఇదే స్టాల్. ఇంజిన్ మాత్రం తనకేమీ పట్టనట్టు హాయిగా తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడేం చేయాలయ్యా అంటే, ముక్కు కిందికి దించాలట! పడిపోతున్నవాడు ముక్కు కిందికి దించడమా? మేం ఆత్మగౌరవం ఉన్నవాళ్లం కాబట్టి స్టిక్‌ని (ముక్కు ఎత్తి దించే కర్రని) ఇంకా గట్టిగా వెనక్కి లాగుతాం. నేల తగులుతుంది. రీసెట్ కొడతాం. మళ్లీ లాగుతాం, మళ్లీ నేల. ఎన్నో రీసెట్‌కో తెలియదు గానీ, స్టాల్ హెచ్చరిక హారన్ కూయగానే చెయ్యి దానంతటదే స్టిక్‌ని ముందుకు తోసేస్తుంది. ఇందులో మా బుర్ర ప్రమేయం ఏమీ లేదని మనవి.

ఇలాంటి తలకిందుల వ్యవహారమే ల్యాండింగ్‌కి దిగేటప్పుడూ ఉంది. రన్‌వేకి మరీ కిందుగా వస్తున్నారా? ముక్కు ఎత్తకండి, థ్రాటిల్ (ఇంజిన్ జోరు) పెంచండి. వేగం ఎక్కువైందా? ముక్కు కాస్త ఎత్తండి. ఎత్తుని ఇంజిన్ చూసుకుంటుంది, వేగాన్ని ముక్కు చూసుకుంటుంది. ఈ శాఖల కేటాయింపు ఎవరు చేశారో వాళ్లని నిలదీయాలి.

కాళ్లతో నొక్కి ముక్కుని పక్కలకి తిప్పే రడర్ పెడల్స్ గురించి ఎక్కువ మాట్లాడను. ప్రొపెల్లర్ గాలి మెలికలు తిరుగుతూ వెనక్కి పోయి తోకని ఎడమ పక్కనుంచి కొడుతుంది. అందుకే టేకాఫ్‌లో విమానం ఎడమకు లాగేస్తుంది, కుడికాలు నొక్కి పట్టాలి. సిమ్యులేటర్‌లో ఈ కాళ్ల పని తనే చూసుకునే ఆటో రడర్ అని ఒక ఆప్షన్ ఉంది. అది ఆన్ చేసుకున్నవాళ్లకి ఈ పేరా అనవసరం.

ఫ్లైట్ స్కూళ్లలో ఇన్‌స్ట్రక్టర్లు మా మీద మోపే నేరం ఒకటుంది. సిమ్యులేటర్ నుంచి వచ్చినవాళ్లు కిటికీలోంచి చూడరు, ఎంతసేపూ మీటర్ల వైపే చూస్తారని. క్షితిజరేఖ కాక్‌పిట్ మీద ఎక్కడ ఆనుతోందో చూసి ముక్కు సరిచేసుకోవాలని వాళ్ల చాదస్తం. మీటర్లలో అంకెలుంటాయి, క్షితిజరేఖ మీద ఒక్క అంకె లేదు. చదువుకున్నవాళ్లు దేన్ని చూస్తారు? పైగా ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాల్చి తిప్పితే అసలు విమానంలో మనిషి బరువు రెట్టింపవుతుంది. మా కుర్చీలో గ్రాము కూడా పెరగదు. ఆరోగ్యానికి ఏది మంచిదో వేరే చెప్పాలా?

చరిత్ర కూడా మా వైపే ఉంది. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారుచేసిన ట్రైనర్‌ని (విమానం నడపడం నేలమీదే నేర్పే యంత్రాన్ని) కదిలించింది వాళ్ల నాన్న ఆర్గన్ అనే వాద్యాల ఫ్యాక్టరీలో వాడే గాలితిత్తుల పద్ధతే. మొదట్లో దాన్ని కొన్నది ఎమ్యూజ్‌మెంట్ పార్కులు. 1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో ఉత్తరాలు మోసే పని అప్పగిస్తే, మబ్బుల్లో, చీకట్లో మీటర్లు చూసి నడపడం సరిగా రాక పలువురు పైలట్లు చనిపోయారు. అప్పుడు గానీ సైన్యం ఆ బొమ్మలు ఆరు కొనలేదు. మబ్బులో, ఎటు వాలామో చెప్పాల్సిన లోపలి చెవి అబద్ధం చెబుతుంది, మీటరు చెప్పదు. ఒక్క ఈ విషయంలో మేం వెటకారం లేకుండా కాలరెగరేయవచ్చు.

అయినా గౌరవం ఏదీ? అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి మామూలుగా కనీసం 40 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో ఆమోదం పొందిన ట్రైనర్ మీద చేసినదైతే మామూలుగా రెండున్నర గంటల వరకే లెక్క. ఇంట్లో కంప్యూటర్ ముందు రాత్రిళ్లు మేలుకున్న గంటలకి సున్నా. ఆ గంటల్లో ఎన్ని సముద్రాలు దాటామో, ఎన్ని వంతెనల కింద దూరామో అడిగే నాథుడే లేడు.

కాబట్టి పాజ్, రీసెట్, ఆటో రడర్ ప్రతి విమానంలోనూ తప్పనిసరి చేయాలి. దీని మీద కమిటీ వేస్తే సభ్యుడిగా చేరడానికి నేను సిద్ధం. సమావేశానికి విమానం టికెట్ పంపేట్టయితే మాత్రం, నడిపేది అసలు పైలటేనా, మా వర్గంవాడా అన్నది ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.