టింబక్టు పుస్తకాలన్నీ బూడిదైపోయాయా? ఆ ఫార్వర్డ్‌లో ఏది నిజం, ఏది కాదు

వాట్సాప్‌లో మళ్ళీ తిరుగుతోంది ఆ మెసేజ్. "మాలి దేశంలో టింబక్టు అనే ఊళ్ళో సంకోరే యూనివర్సిటీకి 7 లక్షల పుస్తకాల లైబ్రరీ ఉండేది, 2013లో టెర్రరిస్టులు మొత్తం తగలబెట్టేశారు, ఒక్కటి కూడా మిగల్లేదు" అని. కింద ఎవరో "పోతే పోయాయిలే, అన్నీ మతం పుస్తకాలేగా" అని తగిలించారు కూడా. వరసగా చూద్దాం.

ముందు తగలబెట్టిన సంగతి. ఇది పూర్తిగా పుకారేం కాదు. 2013 జనవరి చివర్లో ఫ్రెంచ్, మాలి సైన్యాలు వచ్చేస్తున్నాయని జిహాదీలు పారిపోతూ అహ్మద్ బాబా ఇన్‌స్టిట్యూట్ (రాతప్రతులు దాచే ప్రభుత్వ లైబ్రరీ) కొత్త బిల్డింగ్‌లో చేతికందినవి కాల్చారు, ఊరి మేయరే లైబ్రరీ తగలబడిందని చెప్పేసరికి అది ప్రపంచమంతా హెడ్‌లైన్ అయి కూర్చుంది. పోయినవి సుమారు 4 వేలు. తక్కువేం కాదు. కానీ ఊళ్ళో ఉన్న రాతప్రతుల్లో చాలావరకు అప్పటికే దాటిపోయాయి. 2012లో జిహాదీలు ఊరిని ఆక్రమించాక అబ్దుల్ కాదర్ హైదరా అనే ఆయనా, తాతల నాటి పుస్తకాలున్న కుటుంబాల వాళ్ళూ కలిసి వాటిని రేకు ట్రంకుపెట్టెల్లో సర్ది కార్లలో, నైజర్ నది మీద పడవల్లో రాజధాని బమాకోకి చేరవేశారు. మూడున్నర లక్షలపైనే దాటించామని వాళ్ళ లెక్క, అన్ని ఉండవని కొందరు రీసెర్చర్ల వాదన, నాకూ ఆ అంకె కాస్త ఎక్కువే అనిపిస్తుంది. (2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఆ జిహాదీల్లో ఒకడికి 9 ఏళ్ళ శిక్ష వేసింది గానీ అది సమాధుల్నీ మసీదు తలుపునీ ధ్వంసం చేసినందుకు, పుస్తకాలకి కాదు.)

ఇక 7 లక్షల లైబ్రరీ. అసలు అలాంటి ఒకే పెద్ద లైబ్రరీ అక్కడ ఉందనడానికి ఆధారం లేదు. సంకోరే అంటే ఒక మసీదు, దాని చుట్టూ పండితుల ఇళ్ళు. కుర్రాడు గురువు దగ్గర కూర్చుని ఒక పుస్తకం పూర్తిచేస్తే, దాన్ని బోధించుకోవచ్చని గురువు ఇజాజా అనే అనుమతి ఇచ్చేవాడు, అంతే. పుస్తకాలన్నీ ఇళ్ళల్లోనే. 1591లో మొరాకో సైన్యం ఊరిని పట్టుకుంది, తర్వాత అహ్మద్ బాబా (1556–1627) అనే పండితుణ్ణి (ఆ ఇన్‌స్టిట్యూట్‌కి ఈయన పేరే) బందీగా మరాకేష్ తీసుకుపోయారు, నావి 1600 పుస్తకాలు దోచుకున్నారు, మా వాళ్ళందరిలో నాదే చిన్న లైబ్రరీ అని ఆయన చెప్పుకున్నాడు. అంటే ఇక్కడి పుస్తకాలు పోవడం 2013లో మొదలైంది కాదు.

"మతం పుస్తకాలేగా" అన్న మాటకి ఒళ్ళు మండింది. ఖురాన్, ధర్మశాస్త్రం ఎక్కువే, కాదనను. వాటితోపాటు నక్షత్రాల లెక్కలు, మందులు, వ్యాకరణం, ఉత్తరాలు, వ్యాపార పత్రాలు, బానిసల అమ్మకం కాగితాలూ ఉన్నాయి. ఎవర్ని బానిసగా పట్టుకోకూడదో అహ్మద్ బాబాయే విడిగా రాశాడు. అరబ్బీ ఒక్కటే కూడా కాదు, అదే లిపిలో ఫులానీ, సొంఘై భాషలు రాసినవీ ఉన్నాయి. చాలా ప్రతులకి కుట్టు ఉండదు, విడి కాగితాలు పేర్చి తోలు అట్టలో చుట్టేస్తారు, కాగితమేమో చాలావరకు ఇటలీ నుంచి సహారా దాటి వచ్చింది.

వీటికిప్పుడు నిప్పు కంటే తేమతో ఎక్కువ ప్రమాదం. ఎడారి పొడిగాలిలో వందల ఏళ్ళు నిలిచిన కాగితం బమాకో వానల్లో పాడవుతుందని భయపడి 2025 ఆగస్టులో కొన్ని పెట్టెల్ని తిరిగి టింబక్టుకే పంపారు, ఆ చుట్టుపక్కల గొడవలు ఇంకా చల్లారకపోయినా సరే.