‘త్వరలో’ అని రాస్తే చాలదా?

రుషికొండలో ఉద్యోగం చేసుకుంటూ, తెలుగు అక్షరదోషాలు పట్టే ఒక ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడు చూసి చేయి వేయగల) ప్రాజెక్టును తొమ్మిదేళ్లుగా మోస్తున్నవాణ్ణి. ఆ అర్హతతో చెబుతున్నా: కొత్తవాళ్ల కోసం డాక్యుమెంటేషన్, అంటే కోడులో ఏది ఎలా పనిచేస్తుందో విడమర్చే రాత, రాయడం మహాపరాధం.

ఈ జాడ్యం విశాఖలో ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఆర్కే బీచ్‌లో. 2001లో నౌకాదళ సేవల నుంచి తప్పుకున్న కురుసుర జలాంతర్గామిని మరుసటేడే మ్యూజియం చేసి పారేశారు. లోపల మాజీ నావికులే గైడ్లు. ఇది టార్పెడో, ఇది పెరిస్కోపు, తల జాగ్రత్త అంటూ ఉన్నదంతా చెప్పేస్తారు. మురీ మిక్చర్ తిని మూతి తుడుచుకోని పిల్లాడికి కూడా సబ్‌మెరైన్ అర్థమైపోతోంది. ఇక పెద్దవాళ్లకేం విలువ?

పద్ధతంటే 1975 నాటి యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో ఎడిషన్‌ది. కంప్యూటర్ ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) వదిలి ఇంకోటి అందుకునే చోట, కోడులోనే కామెంటు పెట్టారు: ఇది మీకు అర్థమవుతుందని మేం ఆశించడం లేదు. ఎంత హుందాతనం! (పరీక్షలో రాదులే అన్న ధోరణిలో రాశామనీ, అసలు సంగతి తమకే బోధపడలేదనీ యునిక్స్ కర్తల్లో ఒకడైన డెన్నిస్ రిచీ తర్వాత ఒప్పుకున్నాడు. అక్కడే చెడింది.)

మా ప్రాజెక్టులో అందరూ ముందు చదవాల్సిన రీడ్‌మీ ఫైల్లో ‘ఎలా మొదలుపెట్టాలి’ కింద ‘త్వరలో’ అని ఉంటుంది. చిల్లర పనుల కోడుకు యుటిల్స్, యుటిల్స్ 2, న్యూ యుటిల్స్ అని మూడు ఫోల్డర్లు. అసలు పని జరిగేది ‘ఓల్డ్’ అనే నాలుగోదాంట్లో. అది తీసేస్తే ఒత్తులన్నీ రాలిపోతాయి. ఆ ముక్క ఎక్కడా రాయలేదు, తీసినవాళ్లకే తెలుస్తుంది. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనంలో ఉన్నా అక్షయ తృతీయనాడు నిజరూపం చూపిస్తాడు. మా కోడుకు ఆ ఒక్కరోజూ లేదు.

గాజువాక నుంచి ఒకమ్మాయి వచ్చింది. “ఇదేటి సార్, ఎక్కణ్ణుంచి సదవాలి?” అంది. “కోడే డాక్యుమెంటేషనమ్మా” అన్నా. మూడు వారాలు అయిపూ జాడా లేదు. తర్వాత నలభై వరుసల ఫైలు పంపింది: ఏ ఫోల్డరు దేనికి, మాట ఏ దారిన పోయి తప్పుగా తేలుతుంది, దేని జోలికి పోకూడదు. సెటప్‌లో తను పడ్డ గుంటలతో సహా.

నేనూరుకుంటానా? ‘వాళ్ళు’ను ‘వాళ్లు’ చేయమన్నా. చేసింది. రెండు నెలలు ఆలోచించి మళ్లీ ‘వాళ్ళు’ అన్నా.

పోయిన ఆదివారం ఒత్తులు రాలిపోయాయి. గుట్టుగా ఆ ఫైలు తెరిచి, ముప్పై ఒకటో వరుస చూసి సరిచేసుకున్నా. దాన్ని ప్రాజెక్టులో కలపమని ఆ అమ్మాయి పెట్టిన పుల్ రిక్వెస్టు మాత్రం పెండింగే. ‘వాళ్ళు’ సంగతి ఇంకా తేలలేదు.