పదో వరం: పక్కకి తిరగడం

అపొస్తలుడైన పౌలు కొరింథువాళ్ళకి రాసిన మొదటి పత్రిక పన్నెండో అధ్యాయంలో తొమ్మిది కృపావరాలు, అంటే దేవుని ఆత్మ విశ్వాసులకిచ్చే వరాలు, లెక్కపెట్టాడు. బుద్ధివాక్యం, జ్ఞానవాక్యం, విశ్వాసం, స్వస్థత, అద్భుతాలు, ప్రవచనం, ఆత్మల వివేచన, భాషలు, భాషలకి అర్థం చెప్పడం. పాపం పెద్దాయన ఏ తొందరలో ఉన్నాడో, పదోది వదిలేశాడు. ఆ లోటు మన జంటనగరాలు పూడ్చాయి. ఉప్పల్ నుంచి పటాన్‌చెరు దాకా, ఫంక్షన్ హాల్లో నడిచే సంఘమైనా, రేకుల షెడ్డులో నడిచే సంఘమైనా, ఆదివారం పొద్దున తొంగి చూస్తే ఆ వరం ధారాళంగా పనిచేస్తూ ఉంటుంది. "మీ పక్కనున్నవాళ్ళతో చెప్పండి!"

దానికో పద్ధతుంది. ప్రసంగం మొదలై ఇరవై నిమిషాలు దాటాలి. రాసుకొచ్చిన మూడు పాయింట్లలో రెండు అయిపోయి ఉండాలి, మూడోది చూస్తే రెండోదే అయి ఉండాలి. అప్పుడు దైవజనులు ఒక గుక్క నీళ్ళు తాగి, జేబురుమాలుతో నుదురు తుడుచుకుని, కీబోర్డు తమ్ముడి వైపు ఓరగా చూస్తారు. తమ్ముడు తెలివైనవాడు, ఒక స్వరాల గుత్తి నొక్కి పట్టుకుని వదలడు. మిక్సర్ దగ్గర కుర్రాడు ఎకో ఒక గీత పెంచుతాడు. "ఒక్కసారి మీ పక్కనున్నవాళ్ళ కళ్ళల్లోకి చూస్తూ చెప్పండి... నువ్వు తలగా ఉంటావు గాని తోకగా ఉండవు!"

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. వరసకి తొమ్మిది కుర్చీలనుకుందాం. "కుడివైపు తిరగండి" అంటే తొమ్మిదిమందీ విధేయతతో కుడివైపే తిరుగుతారు. అంటే ఎనిమిదిమంది ముందున్నవాళ్ళ జడలకీ కాలర్లకీ వాగ్దానం చేస్తారు. తల వెనకభాగాన్ని చూస్తూ "నువ్వు తలగా ఉంటావు" అనడంలో అబద్ధమేమీ లేదు, అది ఒప్పుకోవాలి. "ఇద్దరిద్దరు జతగా" అంటే నాలుగు జతలు పోను ఒకరు మిగులుతారు. ఆ తొమ్మిదో మనిషి ఎప్పుడూ చివర్లో, స్టాండు ఫ్యాను పక్కన ఉంటుంది. ఆలస్యంగా వచ్చి దొరికిన చోట కూర్చున్న మనిషి. అటు గోడ, ఇటు వీపు. చేసేది లేక ఫ్యానుతోనే చెబుతుంది. ఫ్యాను ఆ చివర నుంచి ఈ చివరకి తలూపి కాదంటుంది.

జత దొరికినవాళ్ళ పరిస్థితి ఇంకా సొగసు. మూడు వారాలుగా మాటల్లేని అత్తాకోడళ్ళు ఖాళీ లేక పక్కపక్కనే కూర్చుంటారు. స్టేజీ మీంచి వచ్చే మాట "నీ శత్రువులు నీ పాదపీఠమవుతారు". అత్తగారు ఆ రోజు ఏ పాటకీ ఎత్తనంత గొంతెత్తి, ఒక్కో అక్షరం నమిలి నమిలి చెబుతుంది. ఇంకో వరసలో చిట్టీ డబ్బు బాకీ పడ్డ అన్నయ్య, ఆ బాకీ ఇచ్చిన అన్నయ్య భుజం మీద చెయ్యేసి "నువ్వు అప్పు ఇస్తావు గాని అప్పు చెయ్యవు" అని ఆశీర్వదిస్తాడు. "ఇచ్చిన, ఇచ్చి ఏడాదాయె, నువ్వెప్పుడిస్తవ్ చెప్పన్నా?" అని ఆయన మర్యాదగానే అడుగుతాడు. ఆ లోపు పైనుంచి రెండో ఆజ్ఞ: "వినబడలేదు! ఇంకా గట్టిగా!" మూడోది: "సగంమందే చెప్పారు, సాతాను సిగ్గుపడేలా చెప్పండి!" ఇంట్లో మంచం మీద పడుకుని లైవ్ చూస్తున్నవాళ్ళు కామెంట్లో టైపు చెయ్యాలట. పక్కన ఎవరూ లేకే కదా వాళ్ళు లైవ్ చూస్తున్నది!

ఒక్కో విడతకి ఒకటిన్నర నిమిషం. ప్రసంగానికి ఆరు విడతలు. వెరసి తొమ్మిది నిమిషాలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

అందరినీ తల చేసేశాక సంఘం ఎలా నడుస్తుందో కూడా పౌలునే అడగాలి. ఆయన అప్పుడే అడిగాడు: "శరీరమంతయు కన్నయితే వినుట ఎక్కడ?" తొమ్మిది కుర్చీల్లో తొమ్మిది తలలు కూర్చుంటే చేతులెవరివి, కాళ్ళెవరివి? ఆరాధన అయ్యాక కుర్చీలు దొంతర పెట్టేదెవరు? ఈ మధ్య వరాలు కనిపెట్టే ఫారాలు కూడా వచ్చాయి. "నాకు నలుగురిని నడిపించడం ఇష్టం" లాంటి వాక్యాల ఎదురుగా ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసుకోవాలి. ఎవరికి వాళ్ళే వేసుకునే మార్కులు కాబట్టి యవ్వనస్తుల కూటమంతా నాయకత్వంలోనూ ప్రవచనంలోనూ డిస్టింక్షన్‌లో పాసవుతుంది. "ఉపకారములు" అనే వరం కూడా పౌలు రాసిన అదే పన్నెండో అధ్యాయం ఇరవై ఎనిమిదో వచనంలో స్వస్థత పక్కనే ఉంది. దాని కోసం ఎవరూ ఉపవాసం ఉండరు, దానికి బ్యానరు కట్టరు. ప్రభువు బల్ల గిన్నెలు కడిగే అక్కకి అది వరమని ఎవరూ చెప్పలేదు, ఆమె అది గిన్నెలు కడగడమే అనుకుంటోంది. యెరూషలేములోని తొలి సంఘంలో విధవరాళ్ళకి భోజనం సరిగా అందడం లేదంటే వడ్డించడానికి ఏడుగురిని ఎంచారు. కావలసిన అర్హత ఏమిటి? ఆత్మతోను జ్ఞానముతోను నిండినవాళ్ళై ఉండాలి. అన్నం పంచడానికి! మన దగ్గర ఆ అర్హత గిటారు వాయించేవాడికే చూస్తాం.

ఆదరించడం, ధైర్యం చెప్పడం కూడా వరమే. రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో బోధకీ పంచిపెట్టడానికీ మధ్యన ఉంది. బైబిల్లో ఆ వరానికి బర్నబాని మించినవాడు లేడు. ఆయన చేసిన పనుల జాబితా చూడండి. పొలం అమ్మి డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. సౌలంటే, అంటే తర్వాత పౌలైన మనిషంటే, యెరూషలేములో శిష్యులంతా భయపడి తలుపులేసుకుంటే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. తర్వాత అదే సౌలుని వెతుక్కుంటూ తార్సుకి ప్రయాణం కట్టాడు. సువార్త ప్రయాణం మధ్యలో వదిలేసి వెళ్ళిపోయిన మార్కుకి ఇంకో అవకాశం ఇవ్వడానికి పౌలుతోనే పోట్లాడి విడిపోయాడు. డబ్బు, పరువు, కాలినడక, స్నేహం, అన్నీ ఖర్చయ్యాయి. పక్కకి తిరిగి ఒక వాక్యం చెప్పి ముందుకు తిరిగినట్టు ఎక్కడా లేదు. ప్రవక్త ఏలీయా బదరీచెట్టు కింద పడి చావు కోరుకున్నప్పుడు దేవదూత చేసిందేమిటి? తట్టి లేపి "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తిండే పెట్టాడు. గట్టిగా చెప్పమనలేదు.

సరే, మనవాళ్ళు ఆస్పత్రికి వెళ్ళరా అంటే వెళ్తారు, ఆ ముచ్చటా చూద్దాం. మొదటి వారం పన్నెండుమంది ఒక వ్యానులో వస్తారు. పాస్ ఒకటే కాబట్టి సెక్యూరిటీ వాళ్ళతో అరగంట వాదన. లోపలికి వచ్చినవాళ్ళు మంచం చుట్టూ నిలబడతారు, పడుకున్న మనిషికి గాలి ఆగిపోతుంది. ఒకరు ప్రార్థన పెద్ద గొంతుతో ఎత్తుకుంటారు, పక్క మంచం ఆయనకి పొద్దున్నే ఆపరేషనని తెలిసి కూడా. ప్రార్థన అయ్యాక ఒక పెద్దావిడ "మా పెద్దమ్మకీ అచ్చం ఇదే బిడ్డా, ఆర్నెల్లు కూడా ఉండలే" అని ఆదరణ ముగిస్తుంది. వెళ్తూ వెళ్తూ కొబ్బరిబోండాలు, డజను అరటిపళ్ళు పెట్టి వెళ్తారు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీదున్న మనిషికి! ఆ రెండింట్లోనూ పొటాషియం దండిగా ఉంటుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ప్రేమగా తెచ్చిన కాయ ప్రాణం మీదికి తెస్తుంది. గుమ్మం దగ్గర చివరి మాట: "ఏదన్నా అవసరముంటే చెప్పండి." అవసరం ఏమిటో కనిపెట్టడం, దానికి మనిషిని వెతకడం, సిగ్గు చంపుకుని ఫోను చెయ్యడం, ఆ మూడు పనులూ కష్టంలో ఉన్నవాళ్ళ నెత్తినే పెట్టి ఆదరణ మెట్లు దిగిపోతుంది.

ఆరో వారం రండి. అప్పటికి ఎవరూ ఉండరు. డయాలసిస్ మాత్రం వారానికి మూడుసార్లు, విడతకి నాలుగు గంటలు, అదే కుర్చీలో నడుస్తూనే ఉంటుంది. గాంధీ, నిమ్స్, ఉస్మానియా, ఎంఎన్‌జే, ఏ ఆస్పత్రి వరండాకైనా రాత్రి పదకొండుకి వెళ్ళి చూస్తే అటెండెంట్లు అట్టముక్కలు పరుచుకుని, రిపోర్టుల ఫైలు తలకింద పెట్టుకుని, ఫోను ఛార్జింగ్ పెట్టిన చోట ఒక కన్నేసి పడుకుని ఉంటారు. వాళ్ళకి తలగా ఉంటావా తోకగా ఉంటావా అన్న సందేహం లేదు. ఒక్క రాత్రి ఎవరైనా వచ్చి "అక్కా, నువ్వు ఇంటికిపోయి పండుకో, పొద్దున ఆరుకి రా, డాక్టర్ రౌండుకి నేనుంటా" అంటే చాలు. ఆ వాక్యంలో గ్రీకు లేదు, కీబోర్డు అక్కర్లేదు.

ఇంకా పనులున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకి పెరిగింది. కానీ ఆహారభద్రత కార్డులో పేరు సరిగ్గా లేక, ఆధార్‌లో ఇంటిపేరు ఇంకోలా ఉండి, ఆరోగ్యమిత్ర డెస్కు ముందు ఏడుస్తూ నిలబడేవాళ్ళ పక్కన నిలబడి కాగితాలు చూసిపెట్టాలి. మీ సంఘంలో రెవెన్యూ ఆఫీసులో పనిచేసేవాళ్ళో, మీసేవ నడిపేవాళ్ళో తప్పకుండా ఉంటారు. వాళ్ళని మనం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిప్పుతున్నాం. రక్తం ఇచ్చిన మగవాళ్ళు మూడు నెలల దాకా, ఆడవాళ్ళు నాలుగు నెలల దాకా మళ్ళీ ఇవ్వకూడదు. కాబట్టి ఎవరు ఎప్పుడిచ్చారో తారీకుతో రాసిన పట్టిక కావాలి. పైవిచారణ చేయువాడు జాగ్రత్తతో చెయ్యాలని పౌలు అన్నది అచ్చం ఇలాంటి పట్టిక గురించే.

ఇంతవరకూ నవ్వుకుంటూ వచ్చాం. ఫ్యాను పక్కనుండే ఆ తొమ్మిదో మనిషి రెండు నెలలుగా రావడం లేదు. ఎవరూ గమనించలేదు, కుర్చీలో వేరే మనిషి కూర్చుంది కాబట్టి. మూడో నెలలో పెద్దల మీటింగులో పేరు వస్తుంది, తీర్పు కూడా వెంటనే వస్తుంది: "విశ్వాసంలో చల్లబడింది." ఇంట్లో మంచం పట్టిన మొగుడున్నాడని తెలిస్తే తీర్పు ఇంకొంచెం ముదురుతుంది: "విశ్వాసం ఉంటే ఈ పాటికి లేచేవాడు." ఇది చెప్పడానికి నోరెలా వస్తుంది? పౌలు తన సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతలకీ కడుపునొప్పికీ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. లూకా వైద్యుడు. వీళ్ళందరికీ విశ్వాసం తక్కువా? టీబీ మందులు వాడుతున్న కుర్రాణ్ణి స్టేజీ ఎక్కించి, నూనె రాసి, "ఇక మాత్రలు అక్కర్లేదు" అని సాక్ష్యం చెప్పించేవాళ్ళని ఏమనాలి? ఆరు నెలల కోర్సు మధ్యలో ఆపితే క్రిములు మందుకి లొంగకుండా మొండికేస్తాయి, ఆ మొండి జబ్బే ఇంట్లో పసిపిల్లలకి అంటుకుంటుంది. వాడు పోయాక భూస్థాపనలో అదే నోటితో "దేవుని చిత్తం" అంటారు. కాదు. దేవుడి మీదికి నెట్టకండి. అది మీరు చేసిన పని. "ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచింపవలెను" అని కొరింథువాళ్ళకి రాసిన ఆ మొదటి పత్రికలోనే పద్నాలుగో అధ్యాయంలో ఉంది. తక్కినవారు ఏం చేస్తున్నారు? ఆమెన్ అంటున్నారు, గట్టిగా.

యోబు స్నేహితులకున్న బుద్ధి కూడా మనకి లేదు. వాళ్ళు అన్నీ పోగొట్టుకున్న యోబు పక్కన ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. ఎనిమిదో రోజు నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయారు. మనం నేరుగా ఎనిమిదో రోజు నుంచి మొదలుపెడతాం.

ఇక ఆ తొమ్మిది నిమిషాల సంగతి. వచ్చే ఆదివారం ఆరు విడతలూ మానేసి, మైకు కట్టేసి, తెల్లకాగితం మీద గడులు గీయండి. నిలువున ఎనిమిది వారాలు, అడ్డంగా ఏడు రాత్రులు. ఆస్పత్రిలో ఎవరు పడుకుంటారు, వాళ్ళ ఇంట్లో పిల్లల్ని బడికి ఎవరు పంపిస్తారు, ఉప్పు తక్కువ వంట ఎవరు చేస్తారు, పేరుతో సహా రాయండి. చూడబోయేవాళ్ళు ఒకసారికి ఇద్దరే. పదిహేను నిమిషాలు, కుర్చీలో కూర్చుని, ఒక్క వచనం, ఒక చిన్న ప్రార్థన, చచ్చిపోయిన చుట్టాల ప్రస్తావన లేకుండా. మొదటి రెండు వారాల గడులు పెన్ను కింద పెట్టకముందే నిండిపోతాయి, మనవాళ్ళు అంత రాతిగుండెవాళ్ళేం కాదు. ఖాళీలు ఆరో వారం దగ్గర మొదలవుతాయి. ఆ ఖాళీల్లో సంఘ పెద్దల పేర్లు రాసెయ్యండి, వాళ్ళని అడగక్కర్లేదు.