ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి లేని సిగ్గు ఫాఫ్సాకి ఎందుకు?

మొన్న శనివారం మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఒక అమ్మాయి ఎదురైంది. హైస్కూల్ అయిపోయి ఏడాది దాటింది. "కాలేజీలో చేరావా అమ్మా?" అని అడిగితే "లేదు ఆంటీ, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు నాన్న" అని నేల చూపులు చూసింది. వాళ్ల నాన్న ఇండియన్ గ్రాసరీలో పని చేస్తారు. వాళ్లమ్మ ఇంట్లోనే నలుగురి పిల్లల్ని చూసుకుంటుంది. అందరికీ గ్రీన్ కార్డులున్నాయి. కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో నడిచే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) మా వీధి చివర బస్సెక్కితే ఇరవై నిమిషాలు. "ఫాఫ్సా నింపారా?" అన్నాను. కాలేజీ చదువుకి అమెరికా ప్రభుత్వ సాయం అడిగే ఫారం అది. అదేంటో కూడా ఆ పిల్లకి సరిగ్గా తెలియదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ టీ ఇస్తూ అన్న మాట ఇది: "మనకేం తక్కువక్కా, గవర్నమెంట్ డబ్బులతో చదివించడానికి? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?"

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. కోపం ఆవిడ మీద కాదు. అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ సాఫ్ట్‌వేరే, అందరికీ సొంతిళ్లే అని మనమే ఒక బొమ్మ గీసి పెట్టుకున్నాం. ఆ బొమ్మలో ఇమడని వాళ్లు నోరు విప్పి సాయం అడగలేకపోతున్నారు.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పుడు మనలో ఎవరైనా సిగ్గుపడ్డారా? మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివింది దాంతోనే. ఆదాయం సర్టిఫికెట్ కోసం మా నాన్న ఎమ్మార్వో ఆఫీసు ముందు వేపచెట్టు కింద రెండు రోజులు కూర్చున్నారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు జిరాక్సు, పాస్ ఫొటోలు. "మన పిల్లాడికి రావాల్సింది మనం తెచ్చుకోవద్దూ?" అన్నారు ఇంటికొచ్చి. అదే మనం సముద్రం దాటగానే, అదే పిల్లల చదువుకి, అదే ప్రభుత్వ డబ్బు అడగాలంటే తల దించుకుంటున్నాం. ఇక్కడా పన్నులు కట్టేది మనమే కదా!

నా సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే నేనూ ఇలాగే మోసపోయాను. ఇంటర్ అవ్వగానే పెళ్లి చేశారు. హెచ్4 (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద వచ్చి, ఏళ్ల తరబడి ఎదురుచూసి, గ్రీన్ కార్డు వచ్చాక నర్సింగ్ ముందు చదవాల్సిన అనాటమీ, ఫిజియాలజీ క్లాసులు మొదలుపెడదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే, 2023 నవంబర్‌లో, మా వారికి లేఆఫ్. ఇంట్లో టెన్షన్ ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. ఆ ఏడాదే ఫాఫ్సా ఫారం మొత్తం మార్చారు. ఎప్పుడూ అక్టోబర్‌లో తెరిచేది, డిసెంబర్ ఆఖరికి గానీ రాలేదు. వచ్చాక కూడా వెబ్‌సైటు తెరుచుకుంటే ఒక పూట, లేకపోతే లేదు.

ఎలాగో నింపాను. ఈ సాయం సంగతి చూసే కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన స్క్రీన్ చూసి "మీ ఆదాయం ఎక్కువ, మీకు గ్రాంట్ రాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ఫారం చూసేది రెండేళ్ల కిందటి ఆదాయం. 2024-25 చదువుకి 2022 జీతం లెక్క. 2022లో మా వారికి మంచి జీతమే. కానీ నేను కౌంటర్ ముందు నిలబడ్డ రోజున మా ఇంటికి వచ్చే జీతం సున్నా. ఆ మాటా చెప్పాను. "ఫారంలో ఉన్నదే మాకు లెక్క" అన్నాడు. ఇంటికొచ్చేశాను. ఆ సెమిస్టర్‌లో ఒక్క క్లాసే తీసుకున్నాను, పుస్తకం కొనలేక లైబ్రరీలో రెండు గంటలకొకసారి తిరిగిచ్చే కాపీతో చదివాను.

ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే ఆవిడ, యాభై దాటిన మనిషి, ఒక రోజు గ్లోవ్స్ తీస్తూ మామూలుగా అంది: "ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అడిగావా?" నాకు ఆ పేరే తెలియదు. ఉద్యోగం పోయినా, విడాకులైనా, ఇంట్లో ఎవరైనా చనిపోయినా, పెద్ద వైద్య ఖర్చులు మీద పడినా, పాత ఆదాయం పక్కన పెట్టి ఇప్పటి పరిస్థితి చూసే అధికారం ఎయిడ్ ఆఫీసుకి చట్టమే ఇచ్చింది. ఇస్తారా లేదా అన్నది వాళ్ల చేతిలో ఉంది. అసలు అలాంటిది ఒకటుందని అడగడానికి వచ్చిన మనిషికి చెప్పాలి కదా! లేఆఫ్ లెటరు, నిరుద్యోగ భృతి కాగితాలు, ఆఖరి పే స్టబ్ అన్నీ ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చాను. మూడు వారాలకి మెయిల్ వచ్చింది. వచ్చే సెమిస్టర్‌కి 6 యూనిట్లకి (యూనిట్ అంటే తీసుకునే క్లాసుల కొలత) 1,850 డాలర్ల దగ్గర పెల్ గ్రాంట్. వంటింట్లో నిలబడి ఆ మెయిల్ మూడుసార్లు చదివాను.

పెల్ గ్రాంట్ అంటే ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని డబ్బు. 2025-26కి ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు. తక్కువ యూనిట్లు తీసుకుంటే ఆ మేరకు తగ్గుతుంది. బ్యాచిలర్స్ డిగ్రీ ఇప్పటికే ఉన్నవాళ్లకి రాదు, ఆ డిగ్రీ ఇండియాలో చేసిందైనా సరే.

"కమ్యూనిటీ కాలేజీ చవకే కదా, ఎయిడ్ దేనికి?" అనేవాళ్లున్నారు. మా కాలిఫోర్నియాలో యూనిట్‌కి 46 డాలర్లు, నిజమే. ఆదాయం తక్కువున్న వాళ్లకి ఆ ఫీజు కూడా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ కింద మాఫీ చేస్తారు. కానీ ఫీజొక్కటే చదువు ఖర్చా? బే ఏరియాలో అద్దె ఎంతో మీకు తెలుసు. క్లాసుకి వెళ్లిన ప్రతి గంటా పనిలో ఒక గంట జీతం పోయినట్టే. ఫీజు రాష్ట్రం మాఫీ చేస్తే పెల్ డబ్బు అకౌంట్లో పడుతుంది, పుస్తకాలకీ బస్సుకీ ఇంటి అద్దెకీ అక్కరకొస్తుంది. ఈ లెక్క తెలియకే ఎంతోమంది పిల్లలు పూర్తిగా పనిలో దిగిపోతున్నారు.

ఇక ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారి భయం వేరు. "మన లెక్కలన్నీ వాళ్లకెందుకండీ?" అన్నారు. ఆ లెక్కలు ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి, ఫారంలోకి వచ్చేది అక్కడి నుంచే అని చెప్పాను. 24 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకి దాదాపుగా అందరికీ తల్లిదండ్రుల వివరాలు తప్పనిసరి. తల్లిదండ్రులు తమ పేరుతో అకౌంట్ తెరిచి ఒప్పుకోకపోతే ఆ పిల్లకి ఫెడరల్ గ్రాంట్ పైసా కూడా రాదు. అంటే ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల చదువు నాన్నగారి ఒక్క క్లిక్కు మీద ఆగి ఉంది. ఆ మాట అన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకో ఘోరం. మాకు తెలిసినవాళ్లు ఒకరు ఈ ఫారం నింపడానికి ఎవరో కన్సల్టెంట్‌కి 300 డాలర్లు కట్టారు. ఫాఫ్సా పేరులో మొదటి అక్షరమే ఫ్రీ! దయచేసి ఎవరికీ పైసా ఇవ్వకండి.

హెచ్4 మీదున్న చెల్లెళ్లకి ఫెడరల్ డబ్బు రాదు, ఆ బాధ నాకు బాగా తెలుసు. మా రాష్ట్రంలో ఏడాది నివాసం రుజువు చేసుకుంటే రెసిడెంట్ ఫీజు అడగొచ్చు, అది బయటివాళ్ల ఫీజులో చిన్న ముక్క. కాలేజీ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌లు కూడా అడిగి చూడండి. డబ్బు వచ్చినవాళ్లకి ఒక జాగ్రత్త: సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే అన్ని క్లాసులూ మానేస్తే కొంత వెనక్కి కట్టమంటారు. మానేసే ముందు ఆఫీసులో మాట్లాడండి.

మా రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్‌కి గడువు మార్చి 2. కమ్యూనిటీ కాలేజీ వాళ్లకి సెప్టెంబర్ 2 దాకా ఇంకో అవకాశం ఉంటుంది.

ఆ అమ్మాయీ, వాళ్ల నాన్నగారూ ఈ ఆదివారం పదింటికి మా ఇంటికి వస్తున్నారు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టి అకౌంట్లు తెరుస్తాం. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా రావచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు, గ్రీన్ కార్డు, ట్యాక్స్ రిటర్న్ కాపీ తెచ్చుకోండి. ఉద్యోగం పోయినవాళ్లు లేఆఫ్ లెటరు మర్చిపోకండి. ఎవరు వచ్చారో ఎవరికీ చెప్పను. ఇడ్లీలు పెడతాను.