పుస్తకం మూస్తేనే చదువు

ఎడమవైపు పేజీ. కింది సగంలో, బొమ్మ పక్కన. పసుపు పెన్నుతో గీసి, మార్జిన్‌లో చిన్న చుక్క కూడా పెట్టుకున్నాను. డిగ్రీ మొదటి ఏడాది పరీక్ష హాల్లో కూర్చున్న నాకు ఇవన్నీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. అక్కడ ఏం రాసి ఉందో అదొక్కటే గుర్తు రాదు. ఆ పాఠాన్ని అంతకుముందు రెండు రోజుల్లో నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఎక్కడా ఆగలేదు కూడా. ‘ఇదంతా వచ్చేసింది’ అనుకుంటూ పేజీలు తిప్పేశాను. అలా ఆగకుండా చదవగలగడమే నా కొంప ముంచిందని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కాలేజీలో అడుగుపెట్టే పిల్లలకు సలహాల కొరత ఎప్పుడూ లేదు. టైం టేబుల్ వేసుకో, పొద్దున్నే లే, ఫోన్ పక్కన పెట్టు, లక్ష్యాన్ని కాగితం మీద రాసి గోడకు అతికించు. మొదటి వారంలో ఎవరో ఒక వక్త వచ్చి ఇవన్నీ చప్పట్ల మధ్య చెప్పి వెళ్తాడు. తప్పేమీ కాదు. కానీ టైం టేబుల్లో ‘ఆరు నుంచి ఎనిమిది: ఎకనామిక్స్’ అని రాసుకున్న పిల్ల ఆరింటికి కుర్చీలో కూర్చున్నాక ఆ రెండు గంటలూ ఏం చేయాలో ఆయన చెప్పడు. ఏం చేస్తుంది మరి? పుస్తకం తెరుస్తుంది, చదువుతుంది, గీస్తుంది. ఎనిమిదింటికి మూసేస్తుంది. రెండు గంటలు చదివానన్న తృప్తి మిగులుతుంది. చాలాసార్లు మిగిలేది అదొక్కటే.

నన్నడిగితే పుస్తకం ఎనిమిదింటికి కాదు, ఆరున్నరకే మూయాలి. తెల్లకాగితం ముందు పెట్టుకుని, ఎంత వచ్చిందో ఎంత రాలేదో తనకు తాను చూసుకోవాలి. కాలేజీ చదువుకు కావాల్సిన అసలు నైపుణ్యం ఇదే. టైం మేనేజ్‌మెంట్, ఏకాగ్రత, ఆత్మవిశ్వాసం అంటూ మనం వల్లించేవన్నీ దీని తర్వాతే.

ఇది నా సొంత పైత్యం కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. ఒక జట్టు నాలుగు విడతలూ దాన్ని చదువుతూనే ఉంది. ఇంకో జట్టును ఒక్క విడతే చదవనిచ్చి, మిగతా మూడు విడతల్లో తెల్లకాగితం చేతికిచ్చి గుర్తున్నంత రాయమన్నారు. మధ్యలో వ్యాసం మళ్లీ చూపించలేదు. చదువుతూ కూర్చున్న జట్టు సగటున 14 సార్లు దాన్ని తిరగేసింది. రాసిన జట్టు ఆ ఒక్క విడతలో చదివింది మూడుసార్లకు కాస్త పైన.

ఐదు నిమిషాలాగి పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం ఆగి పెట్టేసరికి లెక్క తిరగబడింది. పద్నాలుగు సార్లు చదివినవాళ్ల దగ్గర మిగిలింది 40 శాతం, రాసినవాళ్ల దగ్గర 61. ఇందులో నన్ను అన్నిటికంటే పట్టుకున్నది ఇంకొకటుంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే ఎక్కువ ధీమాగా చెప్పింది పదేపదే చదివిన జట్టే! పరీక్ష ముందు రాత్రి కూర్చుని గట్టెక్కేశానని గొప్పలు చెప్పే మిత్రుడు చూపించేది కూడా ఆ ఐదు నిమిషాల మార్కులే. వారం తర్వాత అతన్ని అదే ప్రశ్న అడిగి చూడండి.

గుర్తుపట్టడం వేరు, గుర్తు చేసుకోవడం వేరు. తెలుగులో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి గానీ వాటి మధ్య దూరం చాలా ఉంది. ఎదురుపడ్డ మనిషి ముఖం తెలిసినట్టే ఉంటుంది, పేరు మాత్రం నాలుక చివరే ఆగిపోతుంది. నాలుగోసారి చదివే పాఠం కూడా ఆ ముఖం లాంటిదే. పలకరింపుగా నవ్వుతుంది, మనమూ నవ్వుతాం, పరిచయం ఉందనుకుంటాం. పరీక్ష హాల్లో అడిగేది ముఖం కాదు, పేరు. ఇప్పుడైతే ఏ ప్రశ్న వేసినా క్షణాల్లో సాఫీగా జవాబు చెప్పే యంత్రాలు ఫోన్లలోకి వచ్చాయి. ఆ సాఫీదనం చదివినవాడికి తన సొంత తెలివిలాగే అనిపిస్తుంది. పసుపు పెన్ను మోసమే, కాకపోతే పెద్ద ఎత్తున.

మిగతా పద్ధతుల సంగతి త్వరగా తేల్చేస్తాను. 2013లో జాన్ డన్‌లాస్కీ బృందం పది చదువు పద్ధతులను అప్పటిదాకా వచ్చిన పరిశోధనలతో తూకం వేసింది. గీతలు గీయడం, తిరిగి చదవడం, సారాంశం రాసుకోవడం తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో చేరాయి. పైమెట్టు మీద నిలిచినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పంచుకోవడం. రెండోదాన్ని జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. అర్థం లేని అక్షరాల గుత్తులు తానే బట్టీ పట్టి, తన మరుపును తానే కొలుచుకున్న మనిషి. కొలుచుకోవడానికి ముందు రోజు 68 సార్లు వల్లె వేస్తే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వేసినా దాదాపు అంతే వచ్చింది. ఇక ‘నేను చూసి నేర్చుకునే రకం, వాడు విని నేర్చుకునే రకం’ అనే జాతకాల మాట. దానికి సరైన ఆధారం దొరకలేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు తేల్చి చెప్పారు. అయినా ఆ జాతకాలు చెప్పేవాళ్లకు గిరాకీ తగ్గలేదు.

అసలు పని దగ్గరికి వద్దాం. క్లాసు అయ్యాక ఒక తెల్లకాగితం తీసుకోండి. నోట్స్ సంచిలోనే ఉండనివ్వండి. ఇవాళ చెప్పినదాన్ని, వినని మనిషికి వివరిస్తున్నట్టు రాయడం మొదలుపెట్టండి. మొదటి రెండు వాక్యాలు ధారాళంగా వస్తాయి. ‘ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది. కొన్ని వస్తువుల విషయంలో మాత్రం అంతగా తగ్గదు, ఎందుకంటే...’ అక్కడ పెన్ను ఆగుతుంది. గీత కింద ఇంకో గీత, మార్జిన్‌లో ఏదో పిచ్చి బొమ్మ, గడియారం వైపు ఒక చూపు. సంచిలోంచి నోట్స్ తీయడానికి చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆపండి. ఇంకో నిమిషం తంటాలు పడండి. తప్పో ఒప్పో ఏదో ఒకటి రాసి, అప్పుడు తీసి చూడండి. ఆ ‘ఎందుకంటే’ దగ్గర పడ్డ ఖాళీయే ఈ రాత్రి చదవాల్సిన పాఠం, ముప్పై పేజీల అధ్యాయమంతా కాదు. మూడు రోజులాగి మళ్లీ ఒక కాగితం, ఆ పై వారం ఇంకొకటి. లెక్కల సబ్జెక్టయితే ఒకే రకం లెక్కలు ఇరవై చేయకుండా నాలుగు రకాలు కలిపి చేయండి. ఏ లెక్కకు ఏ సూత్రమో ఎంచుకోవడమే సగం లెక్క.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఇదంతా బట్టీకి కొత్త పేరు పెట్టడమే, చదువంటే అర్థం చేసుకోవడం కదా అంటారు. ఉద్యోగం చేస్తూ చదివే పిల్లకు ఇన్ని కాగితాలు రాసే తీరిక ఎక్కడిదనీ అంటారు. మొదటిదానికి జవాబు ఆ ‘ఎందుకంటే’ దగ్గరే ఉంది. అర్థం కానిది ఎవరికైనా అక్కడే బయటపడుతుంది, చదువుతున్నంతసేపూ బయటపడదు. రెండోది నిజమైన బాధే. కానీ తీరిక లేనివాళ్లకే నాలుగోసారి చదవడం అన్నిటికంటే ఖరీదైన పని.

మరి ఇంత తేలికైన పద్ధతిని ఎందుకు ఎవరూ పాటించరు? బద్ధకం వల్ల అని మాత్రం అనకండి. గీతలు గీస్తూ తెల్లవార్లూ కూర్చునే పిల్లలను బద్ధకస్తులనడం అన్యాయం. ఇది బాధిస్తుంది కాబట్టి పాటించరు. తెల్లకాగితం మనకు రానిదాన్ని మన ముఖం మీదే చెబుతుంది. హార్వర్డ్ యూనివర్సిటీలో లూయీ డెలోరియె బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో ఇదే కనిపించింది. భౌతిక శాస్త్రం క్లాసులో తామే లెక్కలతో కుస్తీ పట్టిన విద్యార్థులు, చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లకంటే ఎక్కువ నేర్చుకున్నారు. కానీ తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. కుస్తీ పడుతున్నప్పుడు ఎవరికైనా తెలివితక్కువగానే అనిపిస్తుంది. ఆ అనుభూతిని ఓర్చుకోవడం నేర్పాల్సిన కాలేజీ, దాన్ని దాచుకోవడం నేర్పుతోంది.

నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది. క్లాసు చివరి నిమిషంలో ‘అర్థమైందా?’ అని ఒక ప్రశ్న వస్తుంది. ‘అర్థమైంది సార్’ అని కోరస్ వస్తుంది. అరవై మందిలో ఒక్కడు చెయ్యెత్తితే మిగతావాళ్లు గడియారం వంక చూసి నిట్టూరుస్తారు. మరుసటి రోజు నుంచి వాడూ ఎత్తడు. అడగనిదే అమ్మైనా పెట్టదన్న సామెత అందరికీ వచ్చు గానీ, అడిగినవాడికి దక్కే చూపు ఎలా ఉంటుందో సామెత చెప్పదు. పైగా తెలియనితనం బయటపడే అవకాశం సెమిస్టర్ మొత్తంలో రెండు మూడు పరీక్షల్లోనే. ప్రతిసారీ మార్కులు పోతాయి. తెలియదని చెప్పిన ప్రతిసారీ జరిమానా పడేచోట పిల్లలు ఏం నేర్చుకుంటారు? కప్పిపుచ్చడం నేర్చుకుంటారు. ఆ తర్వాత ఫెయిలైతే క్రమశిక్షణ లేదని, పట్టుదల లేదని మరో వ్యక్తిత్వ వికాస తరగతికి పంపిస్తాం.

ఈ తీర్పులు ఎంత గుడ్డివో చూపించిన మనిషి గణితవేత్త యూరి ట్రైస్‌మన్. 1970లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో ఎక్కువగా దెబ్బతింటుండేవారు. ఎందుకని అడిగితే అధ్యాపకులు చెప్పిన కారణాలు మనకు పరిచయమైనవే: పట్టుదల తక్కువ, పునాది తక్కువ, ఇంటి దగ్గర ప్రోత్సాహం తక్కువ. ట్రైస్‌మన్ ఆ మాటలతో సరిపెట్టుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, బాగా రాణిస్తున్న ఇరవై మంది చైనా సంతతి విద్యార్థులను ఎంచుకుని, వాళ్లు చదువుకునే చోటికే వెళ్లి గమనించాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు బుద్ధిగా, క్రమం తప్పకుండా, ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా చదువుకుంటున్నారు. చైనా విద్యార్థులు తమంతట తాము చదివాక ఒకచోట చేరి, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుని, ఎక్కడ ఆగిపోయారో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. తనకు రానిది తనొక్కడికే రాలేదా, అందరికీ రాలేదా అన్నది వాళ్లకు తెలుస్తోంది. ఒంటరిగా చదివేవాడికి అది తెలిసే దారి లేదు. ట్రైస్‌మన్ వెనకబడ్డవాళ్ల తరగతులేవీ పెట్టలేదు. మామూలు కంటే కష్టమైన లెక్కలిచ్చి, అందరూ కలిసి వాటితో కుస్తీ పట్టే వర్క్‌షాపులు పెట్టాడు. వాటిలో చేరిన నల్లజాతి విద్యార్థుల ఫలితాలు బాగా మెరుగయ్యాయి.

అందుకే కాలేజీలను అడుగుతున్నాను. వక్తలను తర్వాత పిలుచుకోవచ్చు, ముందు పరీక్ష అనే మాటకు పట్టిన బూజు దులపండి. పరీక్ష అంటే మన దగ్గర తీర్పు. రోడిగర్, కార్పికీల ప్రయోగం చూశాక దాన్ని తీర్పుకే వాడుకోవడం, మందును తూకపు రాయిగా వాడుకోవడం లాంటిది. ప్రతి క్లాసుకు మొదటి ఐదు నిమిషాలు, చేతిలో పట్టేంత చీటీ. నిన్న చెప్పినదాని మీద ఒకే ప్రశ్న. మార్కులుండవు, పేరు రాయనక్కర్లేదు. రాని చోట ‘ఇక్కడ ఆగిపోయాను’ అని రాస్తే చాలు.

చీటీలు బల్ల మీదికి చేరాక మాస్టారు ఒక్కొక్కటీ చదవాల్సిన పని కూడా ఉండదు. ఓ పది తిప్పితే తెలిసిపోతుంది. సగం మంది ఒకే ‘ఎందుకంటే’ దగ్గర ఆగిపోయి ఉంటే, ఆ రోజు పాఠం ఆ ముక్క దగ్గరే మొదలవుతుంది. నిన్న చెయ్యెత్తని కుర్రాడు తన చీటీలో ఉన్న మాటే పక్కవాడి చీటీలోనూ ఉందని మొదటిసారి చూస్తాడు.